గాజు ముక్కలతో పూలు పూయించిన క్లారా

గాజు అనగానే మనకు ముందుగా చేతి గాజులు గుర్తొస్తాయి. కిటికీ అద్దం గాజే. లాంతరు చిమ్నీ కూడా గాజే. రంగురంగుల గాజు ముక్కలు అతికి బొమ్మలు చేసే కళ కూడా ఒకటి ఉంది. ఆ కళలో ఆరితేరిన స్త్రీ క్లారా డ్రిస్కాల్.

క్లారా 1861లో అమెరికా దేశంలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో పెద్దది. ఆమెకు 12 ఏళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. అయినా తల్లి పిల్లల చదువు మాన్పించలేదు. క్లారా బడికి వెళ్లి బొమ్మలు గీయడం నేర్చుకుంది. 1888లో న్యూయార్క్ నగరం చేరింది. అక్కడ టిఫనీ అనే ఆయన గాజు కంపెనీలో పనికి కుదిరింది.

ఆ కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. పెళ్లయితే ఆడవాళ్లు పని మానెయ్యాలి. క్లారా కూడా పెళ్లి చేసుకుని మానేసింది. 1892లో ఆమె భర్త చనిపోయాడు. క్లారా మళ్లీ పనిలో చేరింది. ఆ ఏడే కంపెనీలో గాజు కోసే పనికి ఆడవాళ్ల విభాగం మొదలైంది. దానికి క్లారా పెద్ద అయింది.

దీపం ఎలా తయారయ్యేది?

దీపం చుట్టూ గొడుగులా ఉండేదాన్ని షేడు అంటారు. క్లారా ముందుగా షేడు మీద ఉండవలసిన బొమ్మకు రంగులతో నమూనా వేసేది. ఆ బొమ్మను షేడు ఆకారంలో ఉన్న అచ్చు మీద గీసేవారు. అందులోని ప్రతి రేకుకూ, ప్రతి ఆకుకూ కొలత తీసేవారు.

తర్వాత గాజును ఎంచాలి. ఇదే కష్టమైన పని. ఈ గాజు మీద రంగు పూయరు. రంగు గాజులోనే ఉంటుంది. ఒకే పలకలో ఒకచోట ముదురు, ఒకచోట లేత. పలకను వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూసేవారు. పూరేకుకు ఏ తావు సరిపోతుందో అక్కడే కోసేవారు. ప్రతి ముక్క అంచుకూ పల్చని రాగిరేకు చుట్టేవారు. ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి, చిల్లు పడ్డ బిందెకు మాటు వేసినట్టు, లోహం కరిగించి అతికేవారు.

ఊదారంగు గుత్తులు వేలాడే విస్టీరియా అనే పూలతీగ ఒకటి ఉంది. 1901 ప్రాంతంలో క్లారా ఆ పూలతో ఒక షేడు తయారు చేయించింది. అందులో సుమారు 2,000 గాజు ముక్కలు ఉంటాయి.

ఆలోచన ఎక్కడి నుంచి వచ్చేది?

చుట్టూ ఉన్న చెట్టూ చేమా నుంచే. పూలు, ఆకులు, సీతాకోకచిలుకలు, తూనీగలు. మనం రోజూ చూసి దాటిపోయేవే. క్లారా వాటిని నిలబడి చూసేది. తూనీగ రెక్కలో సన్నని ఈనెలు ఉంటాయి కదా! తూనీగల దీపం చేసినప్పుడు గాజు రెక్కల మీద సన్నని లోహపు వల అమర్చారు. చూస్తే నిజమైన రెక్కలే అనిపిస్తాయి. 1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ దీపానికి బహుమతి వచ్చింది.

అందరూ మెచ్చుకోలేదు. 1903లో మగ పనివాళ్ల సంఘం ఎదురు తిరిగింది. ఆడవాళ్లు గాజు కిటికీలు చేయకూడదంది. క్లారా, ఆమెతో పనిచేసే ఆడవాళ్లు వెనక్కి తగ్గలేదు. పని నిలబెట్టుకున్నారు. కాని ఆడవాళ్ల సంఖ్య పెంచకూడదని షరతు పెట్టారు.

పేరు ఎలా బయటపడింది?

దీపాలు దేశదేశాల్లో పేరు పొందాయి. అయితే పేరంతా యజమాని టిఫనీకే వచ్చింది. 1944లో క్లారా చనిపోయింది. ఆ దీపాల వెనుక ఆమె ఉందని చాలాకాలం లోకానికి తెలియలేదు.

క్లారాకు ఒక అలవాటు ఉండేది. తల్లికీ చెల్లెళ్లకూ ఉత్తరాలు రాసేది. ఇవాళ ఏ దీపం మొదలుపెట్టింది, ఎవరెవరు పనిచేశారు, ఏ చిక్కు వచ్చింది, అన్నీ రాసేది. ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేరేది. ఇంట్లోవాళ్లు ఆ ఉత్తరాలను పారెయ్యకుండా దాచారు. 2005 ప్రాంతంలో పరిశోధకులు వాటిని చదివారు. తూనీగల దీపం, విస్టీరియా దీపం క్లారా ఆలోచనలేనని అప్పుడు తేలింది. 2007లో న్యూయార్క్‌లో క్లారా పేరుతోనే ఆ దీపాల ప్రదర్శన పెట్టారు.

క్లారా ఆ ఉత్తరాలు పేరు కోసం రాయలేదు. తన వాళ్లకు తన పని చెప్పుకుంది, అంతే. అయినా అవే సాక్ష్యంగా నిలిచాయి.

చర్చించండి:
1. పెళ్లయితే పని మానాలనే కట్టుబాటు న్యాయమేనా?
2. మీ ఊళ్లో ఆడవాళ్ల చేతిపనులు ఏవి? నేత, అల్లిక, బొంత, బుట్ట? వాటి మీద ఎవరి పేరు ఉంటుంది?

రాయండి:
మీరు చేసే పని గురించి అక్కకో, చెల్లెలికో ఐదు వాక్యాల ఉత్తరం రాయండి. కింద తేదీ వేసి, మీ పేరు రాయండి.