వీడియో గేముల్లో మజా ఎక్కడుంది?

వీడియో గేమ్ అనగానే పెద్దలు ముఖం చిట్లిస్తారు. కళ్ళూ పాడు, కాలమూ పాడు అంటారు. ఆడేవాళ్ళేమో "భలే మజా!" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మజా ఎక్కణ్ణించి వస్తుందో మాత్రం ఇరుపక్షాలవారూ విచారించరు. ఆడేవాళ్ళలో ఒకడిగా నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ మనవి చేస్తాను.

ముందు మన ఇళ్ళల్లోని ఆటలే చూద్దాం. వైకుంఠపాళిలో ఆడేవాడి ప్రమేయమంటూ లేదు. పందెం ఎంత పడితే అన్ని గళ్ళు జరగాలి. నిచ్చెన ఎక్కినా, పాము మింగినా అంతా అదృష్టమే. పులిజూదం అలా కాదు. ప్రతి ఎత్తూ మనదే. మేకల్ని ఎలా సర్దితే పులి కట్టుబడుతుందో మనమే ఆలోచించాలి. ఓడినా ఎక్కడ పొరపడ్డామో తెలుస్తుంది, కాబట్టి మరో ఆటకి కూర్చుంటాం. మంచి వీడియో గేముకీ మొదటి లక్షణం ఇదేనంటాను: ఓటమికి కారణం ఆడినవాడికి కనబడాలి.

1980లో జపానులోని నామ్కో కంపెనీలో తోరు ఇవాతానీ రూపొందించిన ప్యాక్‌మాన్ ఇందుకు చక్కని ఉదాహరణ. అందులో నాలుగు భూతాలు మనల్ని తరుముతాయి. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీరంగుది మనం పోయే దిక్కున కొంచెం ముందుకు గురిపెట్టి వస్తుంది. ఒక్కోదానికి ఒక్కో నడత. ఇది తెలియనివాడికి అంతా గందరగోళం. తెలిసినవాడికి అదొక లెక్క.

రెండో లక్షణం, నేర్పే తీరు. 1985లో నింటెండో విడుదల చేసిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి అంకం చూడండి. పాఠం చెప్పరు. పుట్టగొడుగులాంటి ప్రాణి ఒకటి ఎదురుగా నడిచి వస్తుంది. తగిలితే మన పని సరి. దూకితే బతుకుతాం. దాని నెత్తిన దూకితే అదే చస్తుంది. నిమిషంలో ఆట వంటబడుతుంది. మన క్లాసులూ ఇలా నడిస్తే ఎంత బాగుండును! (లెక్చరర్లు మన్నింతురు గాక.)

మూడోది, కష్టం మన శక్తికి సరితూగడం. పని మరీ కష్టమైతే కంగారు, మరీ తేలికైతే విసుగు, రెండూ సరిపోయినచోట మనిషి ఒళ్ళు మరిచిపోతాడని మిహాయ్ చీక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వవేత్త 1975లో తన గ్రంథంలో వివరించాడు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. తెరమీద గీయవలసిన బొమ్మలు తగ్గి యంత్రం చురుగ్గా పనిచేయడంవల్ల అలా జరిగింది. దాన్ని రూపొందించిన తొమోహిరో నిషికాదో ఆ వేగాన్ని సరిదిద్దకుండా ఉంచేశాడు. మన చెయ్యి తిరుగుతున్నకొద్దీ ఆటా బిగిసింది!

నాలుగోది, హంగులు ముఖ్యం కావు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ తయారుచేసిన యంత్రానికి బొమ్మలు గీసే శక్తే లేదు. బ్రాకెట్ గుర్తులతో గళ్ళు చూపించాడు. ఏడు ఆకారాలు, వాటిని సర్దే తెలివి, అంతే! లోకమంతా ఆడింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ నాలుగు లక్షణాలూ లేకపోయినా మనిషిని కట్టిపడేసే ఉపాయం ఒకటుంది. డబ్బు తీసుకుని, లోపల ఏముందో చెప్పని పెట్టె చేతికివ్వడం. దీన్ని లూట్ బాక్స్ అంటారు. కొన్ని గేముల్లోని ఈ పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం జూద నియంత్రణ సంఘం తేల్చింది. 2025 ఆగస్టులో మన పార్లమెంటు కూడా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఎందుకంటే అక్కడ ఆటగాడు ఎదగడు, జేబు మాత్రం తరుగుతుంది. పాము నోట్లో పడ్డ వైకుంఠపాళి ఆటగాడికి ఒక పూట ఉక్రోషమే. ఇక్కడ పడితే హాస్టలు ఫీజే గల్లంతు.

కాబట్టి మిత్రులారా, ఆడవద్దని నేననను. ఆట ముగించి లేచేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: నిన్నటికంటే ఇవాళ నాకు కొత్తగా ఏం చేతనైంది? జవాబు దొరికితే రేపూ ఆడండి. దొరక్కపోతే ఆ గేము మిమ్మల్ని ఆడిస్తోందన్నమాట.