మంచులో పక్షుల లెక్క



రోజూ సాయంత్రం హాస్టల్‌లో మనకు హాజరు తీసుకుంటారు. ఆ లెక్కను బట్టే వంటమనిషి బియ్యం కొలుస్తాడు. లెక్క తప్పితే చివరి బంతిలో కూర్చున్నవాడికి అన్నం చాలదు. అంకె వెనుక ఒక ప్రాణం ఉంటుందని మనకు వేరే చెప్పనక్కరలేదు. పక్షుల విషయంలోనూ అంతే.

అమెరికాలో పూర్వం క్రిస్మస్ నాడు జట్లుగా వేటకు వెళ్ళేవారు. ఎక్కువ ప్రాణులను చంపిన జట్టు గెలిచినట్లు. ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, చంపడం మాని లెక్కపెడదామని పిలుపునిచ్చాడు. 1900 డిసెంబరు 25న 27 మంది 25 చోట్ల లెక్కించి సుమారు 90 జాతులను నమోదు చేశారు. ఆడుబాన్ సంస్థ ఆధ్వర్యంలో ఈ లెక్కింపు నేటికీ ఏటా జరుగుతోంది.

పద్ధతి ఇది: 24 కిలోమీటర్ల వ్యాసం గల వృత్తాన్ని గీస్తారు. డిసెంబరు 14 నుండి జనవరి 5 లోపు ఒక రోజును ఎంచుకుంటారు. వృత్తాన్ని జట్లు పంచుకుని, ఆ రోజు కనిపించిన, వినిపించిన ప్రతి పక్షినీ రాస్తారు. నడవలేనివారు ఇంటి కిటికీ దగ్గరే కూర్చుని లెక్కించవచ్చు. జీతం లేదు, డిగ్రీ అక్కరలేదు.

ఉత్తరాన అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో డిసెంబరు చివర పగలు నాలుగు గంటలైనా ఉండదు. చలి మైనస్ 30 డిగ్రీలకు దిగడం మామూలే. అక్కడ కూడా స్వచ్ఛంద కార్యకర్తలు బయలుదేరుతారు. పట్టుమని పదిహేను గ్రాములైనా తూగని చికడీ పిట్ట ఆ చలిని తట్టుకుంటుంది. ముందే గింజలు దాచుకుంటుంది. రాత్రి ఒంటి వేడి తగ్గించుకుని శక్తిని పొదుపు చేసుకుంటుంది.

ఇక అసలు పాఠం. పక్షులతోపాటు తిరిగిన గంటలు కూడా రాయాలి. ఎందుకు? ఒక జట్టు 4 గంటలలో 40 పక్షులను చూసిందనుకుందాం. గంటకు 10. మరుసటి ఏడు 8 గంటలు తిరిగి 60 చూసింది. గంటకు ఏడున్నరే. అంకె పెరిగింది కాని పక్షులు పెరగలేదు! అలాగే ఏమీ కనబడకపోతే సిగ్గుపడకుండా సున్నా అని చెప్పాలి. ఆ సున్నాయే రేపటి హెచ్చరిక.

1970 నుండి ఉత్తర అమెరికాలో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గాయని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. దానికి ఆధారమైన వాటిలో ఈ సామాన్యుల లెక్కలూ ఉన్నాయి.

మన దేశంలోనూ 1987 నుండి జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతోంది. మనకు కొల్లేరు ఉంది, పులికాట్ ఉంది, ఊరూరా చెరువులున్నాయి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పొద్దున చెరువుగట్టున గంటసేపు కూర్చోండి. తేదీ, సమయం, పక్షి, సంఖ్య రాయండి. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్ళు ఎలా ఉన్నాయో రాయండి. వచ్చే ఏడు అదే గట్టున, అదే వేళకు మళ్ళీ కూర్చోండి.

నిజాయితీగా రాసిన నోటుబుక్కు పేదవాడిదైనా శాస్త్రానికి ఆస్తే.