దేశదేశముల యువవైద్యులు

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, బెంగుళూరు పోవు రాజమార్గము ప్రక్కన, శంషాబాదు మండలములో తొండుపల్లి అను గ్రామము కలదు. 2008వ సంవత్సరము మార్చి నెలలో ఆ ప్రాంతమున క్రొత్త విమానాశ్రయము తెరువబడెను. అంతవరకు బేగంపేటనుండి ఎగిరిన విమానములు నాటినుండి ఈ పల్లెల మీదుగా రాకపోకలు సాగించుచున్నవి. విదేశములకు బయలుదేరు వారి బండ్లు రాత్రింబవళ్లు ఈ దారిని సాగుచుండును. ఆ బండ్లలో, క్రొత్తగా పట్టా పుచ్చుకొన్న వైద్యులును, వారిని సాగనంపవచ్చిన తల్లిదండ్రులును కనబడుట అరుదు కాదు. 1846లో వైద్యపాఠశాలగా పుట్టి పిమ్మట ఉస్మానియా వైద్యకళాశాల అయిన విద్యాలయమునందును, 1954లో వెలసిన గాంధీ వైద్యకళాశాలయందును, 1959లో వరంగల్లున నెలకొన్న కాకతీయ వైద్యకళాశాలయందును చదివిన వారు ఇంగ్లండునందు, అమెరికాయందు పెక్కుమంది కలరు.

పరదేశమునకు పోయి అచ్చటి విద్య నేర్చుట ఒక మార్గము. తాను పనిచేయు వార్డును విడువకయే ఇతరదేశముల యువవైద్యులతో కలిసి ఆలోచించుట, కలిసి అడుగుట, కలిసి వ్రాయుట మరియొక మార్గము. ఈ రెండవది ఇటీవల ఏర్పడినది. దానిని నడపుట మొదటిదానికన్న కష్టము.

వైద్యవిద్యలో దేశాంతర సంబంధము హైదరాబాదునకు క్రొత్త కాదు. శస్త్రచికిత్సకు ముందు మత్తు కలిగించుటకై వాడు క్లోరోఫారము ప్రాణమునకు ఎట్లు అపాయము తెచ్చునో తేల్చుటకు 1888లోను, 1889లోను ఈ నగరమున రెండు పరిశోధక సంఘములు ఏర్పడెను. వైద్యపాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ వానిని నడపెను. నిజాము ప్రభుత్వము ధనమిచ్చెను. లండనులోని 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అను వైద్యుడు సముద్రము దాటి వచ్చెను. ఊపిరి ఆగుటయే అపాయమనియు, గుండెకు భయము లేదనియు లారీ పట్టుబట్టెను. గుండె లయ తప్పి నిలిచిపోవుటయు కలదని 1911లో లెవీ అను వైద్యుడు ఇంగ్లండున నిరూపించెను. ఆ కాలమున హైదరాబాదు పాఠశాలలో చదివిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్జీ మత్తుమందు ఇచ్చు విద్యయందు మన దేశమున పేరుగన్న తొలి వైద్యురాలైనది. 1909లో ఎడింబరో నగరమునకు వెళ్లి పైచదువు చదివినది. అయినను, గురువు తేల్చిన మాటను శిష్యులు సందేహించి పైకి చెప్పుటకు ఆనాటి శాలలలో చోటు తక్కువ. ఆ చోటు నేటికిని పలుచోట్ల ఇరుకుగనే ఉన్నది.

యువవైద్యుడు అనగా ఎవరు? మన దేశమున వైద్యవిద్యార్థి తరగతి చదువు ముగించి, ఒక సంవత్సరము వైద్యశాలలో అన్ని శాఖలయందు పనిచేయవలెను. అతనిని హౌస్‌సర్జను అందురు. ఆపైన మూడేండ్లు ఒక శాఖలో పైచదువు చదువుచు, రోగులను చూచుచు, రాత్రి విధులు నిర్వహించును. వీరినందరిని మన పత్రికలు 'జూడా'లని పిలుచుచున్నవి. వీరి సంఘము ఆంగ్ల నామమునుండి పుట్టిన పొట్టిపేరు అది. అమెరికాలో వీరిని 'రెసిడెంట్లు' అందురు, ఏలయన పూర్వము వారు వైద్యశాలలోనే కాపురముండెడివారు. ఇంగ్లండులో 'జూనియర్ డాక్టరు' అను పేరు బహుకాలము వాడుకలో నుండెను. పదేండ్లు పనిచేసిన వారికిని ఆ పేరే తగిలియుండుటచే, రోగులు వారిని విద్యార్థులని భ్రమించుచున్నారని ఫిర్యాదు కలిగి, 2024 సెప్టెంబరులో దానిని మార్చి 'రెసిడెంట్ డాక్టరు' అనిరి. పేరు ఏదైనను అర్ధరాత్రి అత్యవసర విభాగమునకు పోయినచో మొదట ఎదురగువాడు ఇతడే.

చదువుకొనుచున్నంత కాలము ఇతనికి ఒక వేదిక కలదు. 1951లో కోపెన్‌హాగను నగరమున ఏర్పడిన అంతర్జాతీయ వైద్యవిద్యార్థి సంఘముల సమాఖ్య నేటికిని పనిచేయుచున్నది. స్థిరపడిన వైద్యులకును సంఘములు కలవు. నడుమనున్న ఈ కొన్ని సంవత్సరములే, పని మిక్కుటమై మాట తక్కువైన కాలము.

స్థిరపడిన వైద్యుల విశ్వసంఘము 1947 సెప్టెంబరులో పారిస్ నగరమున పుట్టెను. యుద్ధకాలమున నాజీ వైద్యులు బందీలపై చేసిన ఘోరములకు న్యూరెంబర్గులో విచారణ జరిగి తీర్పు వెలువడిన కొలదిదినములకే, ఇరువదియేడు దేశముల వైద్యులు కూడి ప్రపంచ వైద్యసంఘమును స్థాపించిరి. 1928లో కలకత్తాలో ఏర్పడిన భారతీయ వైద్యసంఘము దాని స్థాపక సభ్యులలో ఒకటి. అయినను ఈ స్నేహము తెగని దారము కాదు. వర్ణవివక్షను పాటించుచుండిన దక్షిణాఫ్రికాలోని వైద్యసంఘమును వెలివేయుటకు విశ్వసంఘము ఒప్పుకొననందున, 1985లో భారతీయ వైద్యసంఘము దానినుండి వైదొలగెను. తిరిగి 1993లో చేరెను. ఎనిమిదేండ్లు బయటనుండుట వలన నష్టము కొంత కలిగియుండును. కాని కలిసియుండుటకన్న విలువైనవి కొన్ని కలవని మన వైద్యులు ఆనాడు తలచిరి. ఆ తలపు తప్పని చెప్పుట కష్టము.

ఈ విశ్వసంఘమునందే 2010 అక్టోబరులో, కెనడా దేశపు వాంకూవరు నగరమున జరిగిన మహాసభలో, యువవైద్యులకు ఒక కూటమి ఏర్పడెను. పట్టా పుచ్చుకొని పదేండ్లు దాటనివారును, ఇంకను శిక్షణలో నున్నవారును ఇందు చేరవచ్చును. మాతృసంఘపు కార్యాలయము ఫ్రాన్సు దేశమున, జెనీవా నగరమునకు చేరువగా, ఫెర్నే-వోల్తేరు అను చిన్నపట్టణమున నున్నది. యువవైద్యుల కూటమిని నడపువారు మాత్రము తమతమ దేశములలో రోగులను చూచుచు, మిగిలిన వేళలలో ఈ పని చేయుదురు.

ఆ పని ఎట్టిదో చూడదగును. సభ జరుపవలెనన్న వేళ కుదరదు. హైదరాబాదులో రాత్రి ఏడున్నర గంటలైనపుడు టోక్యోలో పదకొండగును. లాగోసులో మధ్యాహ్నము మూడు. సావోపౌలోలో పగలు పదకొండు. కంప్యూటరు తెరపై అందరును కనబడుదురు గాని, ఒకరు విధి ముగించి ఆవులించుచుందురు, ఒకరు వార్డు మూలనిలిచి చెవి ఒగ్గుదురు, ఒకరు నడిమధ్య పిలుపు వచ్చి లేచిపోవుదురు. అందువలన సభలో ఏమి జరిగెనో వ్రాసి పంపుట సభకన్న ముఖ్యమైన పని యగును. రానివాడు మరునాడు చదివి తన అభిప్రాయము వ్రాయును. ఈ వ్రాతపనికి పేరు రాదు. అది చక్కగా చేయువాడు ఒక్కడు లేనిచో మూడు నెలలలో కూటమి పేరునకు మాత్రమే మిగులును.

భాష మరియొక చిక్కు. అందరును ఆంగ్లమున మాటలాడుదురు. కాని 'విధి' అన్న ఒక్క మాటకు ఒక దేశమున ఎనిమిది గంటలు, వేరొక దేశమున ముప్పదియారు గంటలు అని అర్థము. సెలవు, జీతము, శిక్షణ అను మాటలును అట్టివే. ముందుగా ఈ మాటల అర్థములు పోల్చుకొననిదే ఒక తీర్మానపు మొదటి వాక్యమైనను పూర్తి కాదు.

అన్నిటికన్న పెద్ద చిక్కు కాలము. ఎవ్వరును ఎల్లకాలము యువకులుగ నుండరు. అధ్యక్షుడు, కార్యదర్శి మొదలగువారు ఏడాదికొకమారు ఎన్నుకొనబడుదురు. పని నేర్చునంతలో పదవీకాలము తీరును; కొలదియేండ్లలో సభ్యత్వపు అర్హతయే తీరును. కావున దిగిపోవువాడు క్రొత్తవానికి అప్పగించు కాగితములే కూటమికి జ్ఞాపకశక్తి. ఏ దేశపు సంఘముతో ఏ ఉత్తరము నడచినది, ఏ తీర్మానము ఎందుచేత వెనుకకు పోయినది అను సంగతులు వ్రాసియుంచనిచో, ప్రతి క్రొత్త కార్యవర్గమును అదే గోడకు తల కొట్టుకొనును.

ఏడాదికి రెండుమారులు, మాతృసంఘపు సమావేశములకు ముందు, వీరు ముఖాముఖి కలిసికొందురు. అచ్చటికి పోవుటకు ధనము కావలెను, సెలవు కావలెను. ధనిక దేశముల సంఘములు తమ వారిని ఖర్చులిచ్చి పంపగలవు. బీదదేశపు వైద్యుడు టిక్కెట్టు కొనలేక ఇంటనే నిలుచును. పేరు అంతర్జాతీయమైనను కుర్చీలలో కొన్ని దేశములే కనబడు ప్రమాదము ఇందువలన ఎప్పుడును పొంచియుండును. మహాసభలో ఓటు జాతీయ సంఘములది. యువవైద్యులు చిత్తుప్రతి వ్రాసి, తమ దేశపు పెద్దలను ఒప్పించి, వారి చేతులమీదుగా నెగ్గించుకొనవలెను.

ఇంత శ్రమ ఎందులకని అడుగవచ్చును. 1984 మార్చిలో న్యూయార్కు నగరమున లిబ్బీ జయాన్ అను పదునెనిమిదేండ్ల యువతి జ్వరముతో రాత్రివేళ ఆసుపత్రిలో చేరి, తెల్లవారిన పిదప కొలదిసేపటిలోనే మరణించెను. ఆమెను చూచినవారు పలువురు రోగుల భారము మోయుచుండిన శిక్షణార్థులు. ఒకే ఊపున ముప్పదియారు గంటలు పనిచేయుట వారికి ఆనాటి వాడుక. మరణమునకు అలసటయే కారణమని నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. మందుల విషయమునను వాదములు నడచెను. కాని పత్రికారచయితయైన ఆమె తండ్రి పోరాటము వలన, నిద్రలేని వైద్యుని చేతిలో రోగి క్షేమమా అను ప్రశ్న లోకమునకు తెలిసెను. 1989లో న్యూయార్కు రాష్ట్రము వారమునకు ఎనుబది గంటల హద్దు పెట్టెను. 2003లో అమెరికా అంతటను ఆ హద్దు వచ్చెను. ఐరోపా సమాఖ్యలో 2009నాటికి శిక్షణలోని వైద్యులకును సగటున నలువదియెనిమిది గంటల హద్దు వర్తించెను.

ఒక దేశపు యువవైద్యుడు ఒంటరిగా అలసినపుడు తన బలహీనతకు తానే సిగ్గుపడును. పెద్దలును 'మా కాలమున మేము పడలేదా' అందురు. ఇతరదేశపు లెక్కలు చేతికి వచ్చినపుడు అదే అలసట అడుగదగిన ప్రశ్న యగును. కూటమి వలన కలిగిన ముఖ్య ప్రయోజనము ఇదియే అనవచ్చును. 2015లో మాస్కోలో జరిగిన మహాసభ వైద్యుల ఆరోగ్యముపై ఒక ప్రకటనను ఆమోదించెను. 1948లో జెనీవాలో వ్రాయబడిన వైద్యప్రతిజ్ఞలో రోగి క్షేమమే కాని వైద్యుని క్షేమము ప్రస్తావింపబడలేదు. న్యూజిలాండు వైద్యుడు శామ్ హేజిల్డైన్ మొదలగువారు ఈ లోపమును ఎత్తిచూపి ఉద్యమించిరి. 2017 అక్టోబరులో చికాగో మహాసభ, ఉత్తమమైన సేవ చేయుటకై తన ఆరోగ్యమును కూడ చూచుకొందునను మాటను ప్రతిజ్ఞలో చేర్చెను. గురువులకు మాత్రమే చెప్పబడిన గౌరవము, సహచరులకును శిష్యులకును కూడ చెల్లునని ఆ సభయే దిద్దెను. ఈ రెండవ మార్పును పత్రికలు అంతగా పట్టించుకొనలేదు గాని, వార్డులో నిత్యము గద్దింపబడు యువవైద్యునికి అది చిన్నమాట కాదు.

మన దేశమున 1992లోనే కేంద్రప్రభుత్వము రెసిడెంటు వైద్యుల పని సాధారణముగా ఒక్కమారు పండ్రెండు గంటలకును, వారమునకు నలువదియెనిమిది గంటలకును మించరాదని ఉత్తరువు చేసెను. ఆ కాగితము ముప్పదియేండ్లు దాటినను చాలచోట్ల వార్డు గోడ దాటి లోపలికి రాలేదు. 2024లో జాతీయ వైద్య కమిషను నియమించిన నిపుణుల బృందము వారమునకు డెబ్బదినాలుగు గంటలు మించరాదనియు, వారమునకొక దినము సెలవు ఉండవలెననియు, దినమునకు ఏడెనిమిది గంటల నిద్ర అవసరమనియు సూచించెను. నలువదియెనిమిదికిని డెబ్బదినాలుగుకును మధ్య ఇరువదియారు గంటలున్నవి. ఆ గంటలను గూర్చియే మన యువవైద్యుల సంఘములు నేడు ఉత్తరములు వ్రాయుచున్నవి.