అయాన్ పంపు కరెంటు దిగడం లేదా?

ప్రశ్న: గేజి పీడనం బాగానే ఉందంటోంది. అయాన్ పంపు కరెంటు మాత్రం ఎక్కువగానే ఉంది. పంపు మార్చాలా?
– ఒక పాఠకుడు, అబుదాబి

జవాబు: తొందరపడకండి. గేజి నిజమే చెబుతోందనుకుంటే, మీరు చూస్తున్నది చాలావరకు లీకేజీ కరెంటు. కంట్రోలరు ఆపి, కేబులును పంపు దగ్గర విప్పండి. అందులో వేల వోల్టులుంటాయి, చెలగాటం వద్దు. విప్పిన కొస దేనికీ తగలకుండా ఉంచి మళ్లీ ఆన్ చేయండి. కరెంటు అలాగే ఉంటే తప్పు కేబులుదో కంట్రోలరుదో. గల్ఫ్ ఉక్కలో ఏసీ ఆగితే కనెక్టరు పింగాణీకి తేమ పట్టడం వింతేమీ కాదు.

కేబులు బాగుంటే, ఆపి, దాన్ని తిరిగి తగిలించి, అయస్కాంతాలు తీసి ఆన్ చేసి చూడండి. అవి లేనిదే పంపులో డిశ్చార్జి నిలవదు. అయినా కరెంటు పారుతోందంటే, అది చాలావరకు ఎలక్ట్రోడ్ల మీద మొలిచిన టైటానియం మొనల పనే. హెచ్చు వోల్టేజితో వాటిని కాల్చేయవచ్చు. అది తయారీదారు సర్వీసు వాళ్లకే వదిలేయండి.

గేజి కూడా ఉండుండి ఎగిసిపడుతుంటే కథ వేరు: సన్నటి గాలి లీకు వెతకండి. గాలిలో దాదాపు 1 శాతం ఉండే ఆర్గాన్ మామూలు డయోడ్ పంపుకు సరిగా అరగదు, ఉండుండి కక్కేస్తుంది.