అపెండిక్స్ పగిలింది, కిడ్నీలు తట్టుకుంటాయా?

ప్రశ్న: మాది కవిటి. నాన్నగారికి ఉద్దానం కిడ్నీ జబ్బు ఉంది, క్రియాటినిన్ 2.4. అపెండిక్స్ పగిలి చీము పడితే శ్రీకాకుళంలో ఆపరేషన్ చేశారు. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ రెండూ ఎక్కిస్తున్నారు. రెండెందుకు? కిడ్నీలు ఇంకా పాడవవా?

జవాబు: పెద్దపేగులో ఈ-కోలై లాంటివీ, గాలి సోకని చోట పెరిగే బ్యాక్టీరియా కూడా ఉంటాయి. అపెండిక్స్ పగిలితే అవన్నీ కలిసే కడుపులోకి వస్తాయి. సెఫ్ట్రియాక్సోన్ మొదటి రకాన్ని, మెట్రోనిడజోల్ రెండో రకాన్ని చంపుతాయి. ఈ రెండూ సాధారణంగా కిడ్నీని దెబ్బతీసేవి కావు. నోట్లో ఇనుము రుచి వస్తే కంగారుపడకండి, అది మెట్రోనిడజోల్ పనే.

ఉద్దానం వాళ్ల విషయంలో నా భయమంతా కిడ్నీని దెబ్బతీసే యాంటీబయాటిక్స్ అయిన జెంటామైసిన్, అమికాసిన్‌ల గురించి. నొప్పికని అడిగి మరీ చేయించుకునే డైక్లోఫినాక్ ఇంజెక్షన్ గురించి కూడా. పైపరాసిలిన్-టాజోబాక్టమ్‌కి మారిస్తే క్రియాటినిన్ చూసి డోసు తగ్గించాలి. అది రెండు రకాలనూ చంపుతుంది కాబట్టి అప్పుడు మెట్రోనిడజోల్ సాధారణంగా అక్కర్లేదు.

ఎన్ని రోజులు? చీము పూర్తిగా తీసేస్తే నాలుగైదు రోజులు చాలని 2015లో 518 మందిపై వచ్చిన అమెరికా అధ్యయనం చూపింది. ఆ తర్వాతా జ్వరం తగ్గకపోతే ఇంకా పెద్ద మందు కోసం పట్టుబట్టకండి. లోపల చీము మిగిలిందేమో స్కాన్ తీయమని సర్జన్‌ని అడగండి.