వెనకాల పొదుపు చెయ్యి, ముందు చెయ్యకు

ఆటోనగర్,
విజయవాడ.

చిరంజీవి బుజ్జికి పిన్ని దీవించి రాయునది.

నువ్వు పంపిన కొటేషన్లన్నీ చూశాను. వెనక సైలెన్సర్ షోరూమ్‌లో 5,800, కంపెనీ పేరున్న బయటి సరుకు 3,600, ఏ పేరూ లేని లోకల్ సరుకు 1,900. క్యాటలిటిక్ కన్వర్టర్ షోరూమ్‌లో 28 వేలు, బయట 8 వేలు. ఇవేవీ కాకుండా, "అదెందుకు మేడమ్, తీసేసి పైపు వేసేస్తా, 1,500 ఇవ్వండి చాలు" అన్న మెకానిక్ మాట ఒకటి. ఈ సరుకు అమ్మే కౌంటరు మీదే కూర్చుంటున్నాను కాబట్టి ఏ రూపాయి దేనికి పోతుందో నాకు తెలుసు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

ఒక్కటి గట్టిగా పట్టుకో. ఇంజనుకి దగ్గరున్న భాగాల దగ్గర డబ్బు చూసుకోకు, బండి తోక దగ్గర మిగుల్చుకో. ఇంజనులో కాలిన గ్యాసు మానిఫోల్డ్ దాటి కన్వర్టర్‌లోకి, అక్కణ్ణుంచి జాలీ అల్లిన ఫ్లెక్సిబుల్ పైపులోకి వెళ్లి, మీ కాళ్ల కింద నుంచి పొడుగు పైపులో సాగి, చివరికి వెనక డబ్బాలోంచి బయటపడుతుంది. ముందు భాగం గ్యాసుని శుభ్రం చేస్తుంది. వెనక డబ్బా పని చప్పుడు తగ్గించడమే.

ముందు ఆ వెనక డబ్బా సంగతి చూద్దాం. దాని ధరలో తేడా చాలావరకు రేకులోనే ఉంటుంది. మంచి సరుకుని అల్యూమినియం పూత వేసిన రేకుతోనో, 409 రకం స్టెయిన్‌లెస్‌తోనో చేస్తారు. లోకల్ సరుకు చాలావరకు మామూలు ఇనప రేకే, పైన వెండిరంగు పెయింటు కొడతారు. 409లో క్రోమియం 11 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మంచి రకం స్టీలు గిన్నెల్లో వాడే 304లోనేమో 18 శాతం, దానికి తోడు నికెల్. అందుకే 409కి అయస్కాంతం అంటుకుంటుంది, పైపైన కాస్త తుప్పురంగు కూడా తేలుతుంది. అయస్కాంతం అంటుకుంది కాబట్టి ఇది స్టీలే కాదని ఎవరైనా అంటే నమ్మకు.

తుప్పంతా ఉప్పుగాలి వల్లే అంటారు మీ విశాఖ వాళ్లు. అది సగమే నిజం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. బండి బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. నువ్వేమో స్కూలు దాకా, ఆఫీసు దాకా రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తావు. వెనక డబ్బా ఇంజనుకి అన్నిటికన్నా దూరం, దానికి వేడి తగలనే తగలదు. నీరంతా అందులో నిలిచిపోయి లోపలి నుంచి తినేస్తుంది. అందుకే ఎక్కువ బళ్లలో ముందు పోయేది ఆ డబ్బానే. దాని అడుగున సన్నటి బెజ్జం ఉంటే కంగారుపడకు, నీరు కారిపోవడానికి తయారుచేసినవాళ్లే పెడతారు. చిల్లు పడిందనుకుని దాన్ని వెల్డింగ్‌తో మూయించేవాళ్లున్నారు. నువ్వు మూయనివ్వకు. బండి బాగయ్యాక వారానికోసారి భీమిలి దాకా వెళ్లి రా, బండికీ మంచిది, పిల్లాడికీ సరదా.

నీకు 3,600 సరుకు సరిపోతుంది. 2018 బండి, ఇంకో నాలుగేళ్లు వాడతానంటున్నావు. 1,900 సరుకు మీ గాలికీ, నీ చిన్న చిన్న ప్రయాణాలకీ అంతకాలం ఆగదు. మళ్లీ సరుకు, మళ్లీ కూలి, మళ్లీ గ్యాస్కెట్, మళ్లీ నీకో సెలవు రోజు.

కొనేటప్పుడు డబ్బాని చేతుల్లోకి తీసుకో. పాతదాన్ని కూడా పక్కనే పెట్టించి రెండూ ఎత్తి చూడు. కొత్తది మరీ తేలిగ్గా ఉంటే రేకు పల్చన, లేదా లోపల అడ్డు పలకలు తక్కువ. అటూ ఇటూ ఊపు, లోపల ఏదీ గలగలలాడకూడదు. పైపు డబ్బాలోకి దిగేచోట వెల్డింగ్ చుట్టూ తెగకుండా రావాలి. చుక్కచుక్కలుగా ఉంటే వద్దను. బండికి వేలాడదీసే కడ్డీలు పాతదాని మీద ఉన్నచోటే ఉన్నాయా అన్నది మాత్రం తప్పక చూడు. అర అంగుళం తేడా ఉన్నా మెకానిక్ బలవంతంగా వంచి తగిలిస్తాడు. ఆ బిగువంతా ముందున్న ఫ్లెక్సిబుల్ పైపు మీద పడి అది చీలుతుంది. వెనకాల మిగిలిన డబ్బు ముందుకి పోయినట్టే. రబ్బరు హ్యాంగర్లు కొత్తవి వేయించుకో, వాటి ఖర్చు లెక్కలోకే రాదు.

ఇక కన్వర్టర్. దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ ఇటుక ఉంటుంది. ఆ సన్నటి గదుల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత వేస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరినీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ మార్చి హాని తగ్గించేది ఆ పూతే. 28 వేలకీ 8 వేలకీ తేడా ముఖ్యంగా అక్కడే, అది కంటికి కనపడదు. కొత్తలో రెండిటితోనూ పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుంది. పూత పల్చగా ఉన్నది త్వరగా చేతులెత్తేస్తుంది, ఇంజను లైటు మళ్లీ వెలుగుతుంది. సైలెన్సర్‌ని ఎత్తి చూసి కొనొచ్చు. కన్వర్టర్‌ని అలా కొనలేవు కాబట్టి ఇక్కడ పేరూ, బిల్లూ, రాతలో గ్యారంటీ ఉన్నదే కొనాలి.

అయితే అసలు మార్చాలా అన్నది నా అనుమానం. స్కానర్‌లో పీ0420 కోడ్ వచ్చిందన్నావు. కన్వర్టర్ పనితనం తగ్గినట్టు కనిపిస్తోందని దాని అర్థం, అంతేగాని మార్చేయమని కాదు. కన్వర్టర్‌కి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. ఆ రెండిటి రీడింగులు పోల్చి బండి కంప్యూటర్ ఆ కోడ్ ఇస్తుంది. అక్కడెక్కడో గ్యాస్కెట్ పోయి గాలి దూరుతున్నా, సెన్సార్ పాతబడినా అదే కోడ్ రావచ్చు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు బండి స్టార్ట్ చేయించి, జాయింట్ల దగ్గర టిక్ టిక్‌మని చప్పుడుందేమో, నల్లటి మసి గీతలున్నాయేమో మెకానిక్‌తో చూపించు. లీకు ముందు సెన్సార్ దగ్గరైతే, పెట్రోలు తక్కువైందని పొరబడి కంప్యూటర్ ఎక్కువ పోస్తుంది. నీ మైలేజీ ఎందుకు పడిపోయిందో బహుశా అక్కడే తేలుతుంది. ముందు గ్యాస్కెట్, తర్వాత సెన్సార్ల రీడింగు, ఆ తర్వాతే కన్వర్టర్. నిజంగా అదే పోయుంటే ఎందుకు పోయిందో కూడా అడుగు. ప్లగ్గో కాయిలో సరిగ్గా పనిచేయక కాలని పెట్రోలు అందులోకి వెళితే పింగాణీ కరిగిపోతుంది. ఇంజను ఆయిల్ తాగుతుంటే పూత మీద మడ్డి పేరుకుంటుంది. ఆ జబ్బు కుదర్చకుండా కొత్తది పెడితే 28 వేల సరుకు కూడా అదే దారి పడుతుంది.

నన్ను భయపెట్టినది నీ మాటల్లో ఇంకొకటుంది. బండిలో పొగ వాసన వస్తోందన్నావు, పిల్లాడు నిద్రపోతే ఏసీ వేసుకుని బండి ఆపుకుని కూర్చుంటానన్నావు. వద్దు బుజ్జీ. ఆ లీకు బాగయ్యేదాకా ఒక్క పూట కూడా అలా కూర్చోకు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నీకు తగిలింది మిగతా పొగ వాసన, అది వచ్చిందంటే ఇదీ వస్తున్నట్టే. తలనొప్పి, మత్తు, వికారం అనిపిస్తే వెంటనే ఇద్దరూ బయటికి వచ్చి, డాక్టరుకి చూపించుకోండి. రిపేరుకి తీసుకెళ్లేటప్పుడు పిల్లాణ్ణి ఎక్కించకు, అద్దాలన్నీ దించుకుని వెళ్లు.

కన్వర్టర్ తీసేసి పైపు వేయడమన్నది నోటి వెంట రానివ్వకు. పికప్ పెరుగుతుందన్న ఆశ కోసం ఊరి గాలిలోకి విషం వదలడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. లైటు ఆరదు, పొల్యూషన్ టెస్టు కూడా నిలబడదు. చట్టం కూడా ఊరుకోదు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి మోటారు వాహనాల చట్టం 182ఏ కింద యజమానికి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. పొగ, చప్పుడు హద్దులు దాటితే 190 సెక్షన్ కింద మొదటిసారికే 10,000 దాకా జరిమానా ఉంది.

అదీగాక, అలా తీసిన కన్వర్టర్ ఎక్కడికి పోతుందో అడిగావా? అందులోని లోహాల కోసం తుక్కు వ్యాపారులు పాతదాన్నే మంచి ధరకి కొంటారు. అది నీ సొత్తు. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే పాతది చేతికిమ్మను, లేదంటే దాని ధర బిల్లులో తగ్గించమను. జీఎస్టీ కూడా చూసుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద 18 శాతమే. నీ షోరూమ్ ఎస్టిమేట్‌లో ఇంకా 28 కనిపిస్తోంది, సరిచేయించు.

పాత సైలెన్సర్ మీద చెక్కిన పార్టు నంబరు స్పష్టంగా ఫొటో తీసి పంపు, డబ్బాని నేనే ఇక్కణ్ణుంచి ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తాను. గ్యాస్కెట్ పని మాత్రం నా పార్శిల్ కోసం ఆగకుండా రేపే చేయించు. బావగారికి, అక్కకి నా నమస్కారాలు చెప్పు, పిల్లాడికి ముద్దులు.

మీ పిన్ని