దాచుకోవడం వేరు, చూసుకోవడం వేరు

బంధువుల ఇంట పెళ్లి. తొమ్మిదింటికల్లా మండపంలో ఉండాలి. నా పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర కట్టుకోవాలని ముందురోజు రాత్రే అనుకున్నాను. చిలకపచ్చ చీర, ఎర్రంచు. బీరువా అడుగు అరలో ఎక్కడో వెనకాల ఉందని తెలుసు. ముందున్న దొంతరలన్నీ మంచం మీదికి లాగితే చివరికి దొరికింది. ఆనందంగా మడత విప్పాను. జరీ అంచు పక్కన, మడత పడిన చోటల్లా పట్టు చీలిపోయి ఉంది. పదకొండేళ్లుగా ఆ చీర ఒకే మడతలో, ప్లాస్టిక్ కవరులో, పైన పదిహేను చీరల బరువు మోస్తూ పడి ఉంది.

వేరే చీర కట్టుకుని పెళ్లికి వెళ్లాను గానీ మనసంతా ఇంట్లోనే ఉంది. సాయంత్రం అమ్మకు చూపించాను. అమ్మ కోప్పడలేదు. చీలిక వెంట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలితో రాసి, "దాచావు గానీ చూసుకోలేదే తల్లీ" అంది.

ఆ ఒక్క మాట నాకు చాలా నేర్పింది. అప్పటిదాకా నా బాధంతా జాగా చాలడం లేదనే. ఇంకో బీరువా కొందామని, గోడ నిండా వార్డ్‌రోబ్ చేయిద్దామని ఇంట్లో తరచూ అనేదాన్ని. చూసుకోగలిగినంతకు మించి దాచుకున్నానని ఆ రోజు తెలిసింది. బీరువా సర్దుకోవడమంటే నా దృష్టిలో ఇంటిపనుల్లో ఒకటిగా లెక్కేసుకునేది కాదు. నిర్ణయం తీసుకోవడం, దానికి కట్టుబడటం, ఉన్నదాన్ని గౌరవించడం అనే మూడు గుణాలను మనం రోజూ సాధన చేయగల చోటు అది.

బట్టకు బయటికి దారి ఉండేది

మా అమ్మమ్మ ఇంట్లో బీరువా లేదు. రోజూ కట్టే చీరలకు దండెం, తాతయ్య చొక్కాకు, కండువాకు గోడనున్న చిలక్కొయ్య, పట్టుబట్టలకు ట్రంకు పెట్టె ఉండేవి. ఎనిమిది మంది ఉన్న ఆ ఇంట్లో బట్టలకు చోటు లేదన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఎందుకంటే ఇంట్లోకి వచ్చిన ప్రతి బట్టకూ ఒక ప్రయాణం ఉండేది. పండక్కి కొన్న చీర కొన్నాళ్లు పేరంటాలకు, తర్వాత ఇంట్లో కట్టుబడికి వచ్చేది. మెత్తబడ్డాక పసిపిల్లలకు ఉయ్యాల అయ్యేది, ఆపైన బొంతలోకి చేరేది. చివరి ముక్క వంటింట్లో మసిగుడ్డ. మిగిలినవి ఉంటే స్టీలు సామాను అమ్మేవాళ్లు వచ్చినప్పుడు పాతబట్టలిచ్చి గిన్నో, పళ్లెమో తీసుకునేవారు.

ఇప్పుడు మన ఇళ్లలోకి బట్టలు వచ్చే దార్లు పెరిగాయి. ఆషాఢం తగ్గింపులు, ఫోనులో కొనుగోళ్లు, పుట్టినరోజులు, గృహప్రవేశాల్లో పెట్టుబడి చీరలు. బయటికి వెళ్లే దార్లు మాత్రం మూసుకుపోయాయి. నీళ్లు వచ్చే తూము తెరిచి ఉండి, పోయే తూము పూడిపోతే చెరువు గట్టు తెగుతుంది. పెద్ద బీరువా కొనడమంటే గట్టు ఎత్తు పెంచడమే.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూడండి. ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న వార్డ్‌రోబ్ పన్నెండు చదరపు అడుగుల నేల తీసుకుంటుంది. మీ ఫ్లాటు చదరపు అడుగు 6,000 రూపాయలకు కొన్నారనుకుంటే, 72,000 రూపాయల నేల అది. అందులో సగం వాడని బట్టలకే పోతుంటే, 36,000 రూపాయల చోటు వాటికి ఉచితంగా ఇచ్చినట్టు. ఇక కాలం సంగతి. జాకెట్టు కోసమో, సాక్సు జత కోసమో రోజుకు పది నిమిషాలు వెతికితే ఏడాదికి అరవై గంటలు దాటుతాయి. అంటే రెండున్నర రోజులు.

చెయ్యి ఎందుకు వెనకాడుతుంది?

తీసేద్దామని పట్టుకున్న బట్టను మళ్లీ అరలోనే పెట్టేస్తాం. ఇది ఒక్కరి బలహీనత అనుకోనక్కర్లేదు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ మగ్గులు ఇచ్చి, అమ్మితే ఎంతకిస్తారని అడిగారు. మగ్గు లేనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. చేతిలో మగ్గు ఉన్నవాళ్లు చెప్పిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు ఉంది. కాసేపటి క్రితం చేతికొచ్చిన మగ్గు మీదే అంత మమకారం ఉంటే, ఏళ్ల తరబడి మన బీరువాలో ఉన్న చీర మీద ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ మమకారం మూడు మాటల్లో బయటపడుతుంది. మొదటిది, "ఇంత డబ్బు పోసి కొన్నాను". ఆ డబ్బు కొట్లో ఇచ్చిన రోజే ఖర్చయిపోయింది. చీర అరలో ఉన్నంత మాత్రాన తిరిగి రాదు. రెండోది, "సన్నబడ్డాక వేసుకుంటాను". సన్నబడాలన్న కోరిక మంచిదే. బిగుతుగా ఉన్న నాలుగు డ్రస్సులు మాత్రం తలుపు తీసిన ప్రతిసారీ మనల్ని తక్కువ చేసి చూపిస్తాయి. అన్నింటికన్నా ఇష్టమైనది ఒక్కటి ఉంచుకోండి. ఇవాళ్టి మీ ఒంటికి సరిపోయే బట్టలకే ముందు అర ఇవ్వండి. మూడోది, "ఫలానా వాళ్లు ప్రేమగా పెట్టారు". వాళ్ల ప్రేమ ఆ చీర పెట్టిన రోజే మనకు అందింది. దాన్ని ఇంకొకరు సంతోషంగా కట్టుకుంటే ఆ ప్రేమకు లోటేమీ రాదు.

ఒక్క అరతో మొదలుపెట్టండి

జపాన్‌కు చెందిన మారీ కోండో బట్టలన్నీ ఒకేచోట కుప్ప పోసి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, మనసుకు సంతోషం కలిగిస్తోందా అని అడగమంటారు. ఆమె పుస్తకం 2014లో ఇంగ్లిషులోకి వచ్చాక దాన్ని ప్రపంచమంతా చదివారు. జ్ఞాపకాలతో ముడిపడిన వస్తువుల జోలికి చివర వెళ్లాలన్నది ఆమె సూచనల్లో నాకు బాగా ఉపయోగపడింది. కాకపోతే పిల్లలు, వంట, ఉద్యోగం ఉన్న ఇంట్లో అంతా ఒకేసారి కుప్ప పోస్తే రాత్రికి పడుకోవడానికి మంచం ఖాళీ ఉండదు. నేను ఆదివారానికి ఒక అర చొప్పున పెట్టుకున్నాను. రెండు నెలల్లో బీరువా మొత్తం పూర్తయింది.

అర ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. తీసిన బట్టలు నాలుగు గుట్టలు చేయండి. వాడుతున్నవి, బాగుచేయించాల్సినవి, ఇచ్చేసేవి, చిరిగి గుడ్డలుగా పనికొచ్చేవి. ఎటూ తేల్చుకోలేనిది చేతికొస్తే నేను వేసుకునే ప్రశ్న ఇది: "దీన్ని నేను చూసుకోగలనా?" ఉతికి, మడత మార్చి, ఏడాదిలో ఒక్కసారైనా కట్టుకునే ఓపిక, ఇష్టం ఉంటే అది నాది. లేకపోతే చూసుకునేవాళ్ల దగ్గర ఉండాలి.

బాగుచేయించాల్సిన గుట్టకు వారం గడువు పెట్టండి. ఆలోగా టైలరు దగ్గరికి వెళ్లని బట్ట ఇక వెళ్లదు. ఇచ్చేసే గుట్టను ఆ రోజే గుమ్మం దగ్గరికి చేర్చండి. ఇచ్చేముందు ఉతికి, ఊడిన గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. తీసుకునేవాళ్ల మర్యాద మన చేతుల్లో ఉంది. వాడిన బట్టలను గౌరవంగా ఊళ్లకు చేర్చడమే పనిగా అన్షు గుప్తా 1999లో గూంజ్ సంస్థను మొదలుపెట్టారు. 2015లో ఆయనకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. మన వీధి చివర కూడా అలా పంచేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, కనుక్కోవాలి.

టేపు పట్టుకుని చూడండి

ఉంచుకున్నవాటిని అమర్చేముందు కొలతలు తీసుకోవాలి. పెద్దవాళ్ల హ్యాంగరు పదిహేడు అంగుళాల దాకా ఉంటుంది. చొక్కా చేతులతో కలిపి చూస్తే బీరువా లోతు ఇరవై రెండు అంగుళాలైనా కావాలి. అంతకన్నా తక్కువైతే హ్యాంగర్లు ఏటవాలుగా నిలబడి తలుపు పట్టదు. అలాంటి బీరువాలో మడతలే మేలు. చొక్కాలు, కుర్తీలు వేలాడదీయడానికి నలభై అంగుళాల ఎత్తు చాలు. నిలువెత్తు అరలో ఒకే కడ్డీ ఉంటే కింద సగం వృథాగా పోతోందన్నమాట. రెండో కడ్డీ వేయించండి, చోటు రెట్టింపవుతుంది. అరకూ అరకూ మధ్య అడుగుకు మించి ఎత్తుంటే దొంతర వాలిపోతుంది. మధ్యలో ఒక పలక వేయిస్తే సరి.

టీషర్టులు, పిల్లల బట్టలు, లంగాలు సొరుగులో ఒకదాని మీద ఒకటి పేర్చకండి. చిన్న చదరంగా మడిచి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఒకటి తీస్తే మిగతావి చెదరవు, అన్నీ కళ్లకు కనిపిస్తాయి. కనిపించని బట్ట లేనట్టే లెక్క, ఉన్నదే మళ్లీ కొంటాం. తలుపు లోపలివైపు కొక్కేలు కొడితే చున్నీలు, బెల్టులు అక్కడికి చేరతాయి. ఖాళీ సూట్‌కేసులను అటక మీద ఊరికే ఉంచకుండా స్వెట్టర్లు, దుప్పట్లు వాటిలో సర్దండి. రోజూ తీసేవి నడుముకూ కంటికీ మధ్య ఉండాలి, ఏడాదికోసారి తీసేవి పైన.

నూలుచీర మడతలోనే దాని జాకెట్టు, లంగా పెట్టండి. పొద్దున్నే వెతుకులాట ఉండదు. ఎక్కువకాలం దాచే నూలుచీరలకు గంజి పెట్టకండి, గంజి కోసం పురుగులు చేరి బట్టను కొరుకుతాయి. పట్టుచీరలకు ప్లాస్టిక్ కవరు వద్దు. వానాకాలపు చెమ్మ లోపలే నిలిచి జరీ నల్లబడుతుంది. పాత నూలుగుడ్డలో చుట్టండి. నాఫ్తలిన్ ఉండలు జరీకి తగలనివ్వకండి, ఎండిన వేపాకు మూటకట్టి మూలన పెట్టినా చాలు. అన్నింటికన్నా ముఖ్యమైనది, మూడు నాలుగు నెలలకోసారి చీర విప్పి, నీడలో ఆరబెట్టి, మడత మార్చి పెట్టాలి. మా అమ్మ ఇప్పటికీ పండగలయ్యాక నులకమంచం మీద దుప్పటి పరిచి ఈ పని చేస్తుంది. ఆమె దగ్గరున్నవి పద్నాలుగు పట్టుచీరలు. ఏ చీర ఎవరు కొన్నారో, ఎప్పుడు కట్టుకుందో అన్నీ చెబుతుంది.

ఇంటిల్లిపాదీ

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న సామెత పాతది. ఇప్పుడు ఇల్లు చూస్తే ఇంట్లో అందరూ కనిపించాలి. ఎవరి అర వాళ్లే సర్దుకోవాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. ఆరేళ్ల పిల్లకు అందే ఎత్తులో అర ఇస్తే తన గౌన్లు తనే పెట్టుకుంటుంది. మడత వంకరగా ఉంటే సరిచేయకండి. వంకర మడత నాలుగు రోజుల్లో తిన్నబడుతుంది. "నా వస్తువుకు నేనే బాధ్యురాలిని" అన్న ఎరుక మాత్రం ఆ వయసులో పడితే జన్మంతా నిలుస్తుంది.

జపాన్ కర్మాగారాల్లో పని చోటును చక్కబెట్టే పద్ధతిలో అయిదు మెట్లున్నాయి. అనవసరమైనవి వేరుచేయడం, ఉన్నవి అమర్చడం, శుభ్రం చేయడం, దాన్నే పద్ధతిగా మార్చడం, చివరిది క్రమశిక్షణ. మొదటి మూడూ ఒక ఆదివారం చేసేయొచ్చు. చివరి రెండే మనిషిని మారుస్తాయి. అందుకు రెండు చిన్న అలవాట్లు చాలు. కొత్తది ఒకటి లోపలికి వస్తే పాతది ఒకటి బయటికి వెళ్లాలి. రెండోది, ఇవాళే హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పి తగిలించండి. వేసుకుని ఉతికిన బట్టను మామూలు వైపుకు తగిలించండి. ఏడాది తిరిగేసరికి ఇంకా వెనక్కే తిరిగి ఉన్నవేవో మీకే కనిపిస్తాయి. వాటి గురించి ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

బీరువాతో మొదలైన ఈ సాధన నాలో ఇంకొన్నింటిని కూడా కదిలించింది. ఒప్పుకుని చేయలేక వాయిదా వేస్తున్న పనులు, పేరుకే మిగిలిన బాధ్యతలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని అదే ప్రశ్న వేసుకున్నాను. చూసుకోగలనా? లేననిపించిన రెండు పనుల గురించి అవతలివాళ్లకు మర్యాదగా చెప్పేశాను. మిగిలినవాటికి ఇప్పుడు నా సమయం అందుతోంది.

ధర్మవరం చీరను పారేయలేదు. చీలికలు లేని భాగాలు ఏరి, అమ్మ దగ్గర కూర్చుని, మా పాపకు పరికిణీ కుట్టించాను. ఎర్రంచు మడమల దగ్గర తిరుగుతుంటే పాప వరలక్ష్మీ వ్రతం రోజు ఇల్లంతా పరుగులు పెట్టింది. సాయంత్రం దాన్ని విప్పి తన అరలో తనే మడిచి పెట్టుకుంది. వారం తర్వాత చూసుకుంటే నా బీరువా అడుగు అరలో, ఆ చీర ఉండే చోట, జానెడు జాగా అలాగే ఖాళీగా ఉంది. ఇంతవరకు దాన్ని నింపలేదు.